పీజీ థీసిస్‌కు సాహిత్య శోధన: వైద్య లైబ్రేరియన్‌తో కలిసి చేసుకునే పద్ధతి

ఎండీ, ఎంఎస్ చదివే విద్యార్థులు వైద్య కళాశాల లైబ్రేరియన్‌ను తరచుగా కలిసేది సినాప్సిస్ (థీసిస్ ప్రణాళిక) గడువు దగ్గర పడినప్పుడు. అప్పటికే అంశం ఖరారై, గైడ్ సంతకం కూడా పూర్తయి ఉంటుంది. ఇక కావలసింది కొన్ని రిఫరెన్సులు మాత్రమే అన్న భావనతో వస్తారు. ఈ వరుస మారాలి. ఎంచుకున్న ప్రశ్నకు ఇప్పటికే జవాబు దొరికిందా, దొరికితే అందులో ఇంకా తేలనిది ఏమిటి అన్నది ఇదివరకటి వైద్య వ్యాసాలను వెతికే ఈ సాహిత్య శోధన వల్లనే తెలుస్తుంది కాబట్టి, అంశం మనసులో మెదిలిన వారంలోనే లైబ్రేరియన్ దగ్గర కూర్చోవడం మంచిది.

శోధన సరిగ్గా జరగకపోతే నష్టం థీసిస్‌కే పరిమితం కాదు. 2001లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో ఉబ్బసం మీద జరిగిన ఒక అధ్యయనంలో ఎలెన్ రోష్ అనే 24 ఏళ్ల ఆరోగ్యవంతురాలు వాలంటీరుగా పాల్గొని, హెక్సామెథోనియం అనే మందును పీల్చిన తరువాత ఊపిరితిత్తులు దెబ్బతిని జూన్ 2న మరణించారు. ఆ మందు ఊపిరితిత్తులకు హాని చేయగలదని సూచించే వ్యాసాలు 1950ల నాటికే వెలువడ్డాయి. అయితే పరిశోధకుడు ఆధారపడిన పబ్‌మెడ్‌లో (వైద్య వ్యాసాల వివరాలు వెతికే ఆన్‌లైన్ డేటాబేస్) అప్పట్లో ప్రధానంగా 1966 తరువాతి సమాచారమే ఉండేది. ఏ డేటాబేస్ ఏ సంవత్సరం నుంచి మొదలవుతుందో, అందులో ఏ పత్రికలు ఉంటాయో, ఏవి ఉండవో తెలిసి ఉండటమే వైద్య లైబ్రేరియన్ వృత్తిలోని అసలు నైపుణ్యం. 1971లో మిస్సోరీ విశ్వవిద్యాలయపు కాన్సాస్ సిటీ వైద్య కళాశాలలో గెర్ట్రూడ్ లాంబ్ లైబ్రేరియన్లను వార్డు రౌండ్లకు పంపే ఏర్పాటు చేశారు. మన బోధనాసుపత్రులలోనూ ఆ పద్ధతి రావాలని నేను బలంగా కోరుకుంటున్నాను.

మొదట ప్రశ్నను కాగితం మీద పెట్టాలి. 'తేలు కాటు చికిత్స' అన్నది అంశమే గాని ప్రశ్న కాదు. రోగి ఎవరు, ఇచ్చే చికిత్స ఏది, దేనితో పోల్చుతున్నాము, ఏ ఫలితాన్ని కొలుస్తాము అన్న నాలుగు భాగాలుగా విడదీస్తే, 'ఎర్ర తేలు కుట్టిన పిల్లలలో ప్రాజోసిన్ అనే మందుతో పాటు విషవిరుగుడు సీరం ఇస్తే, ప్రాజోసిన్ ఒక్కటే ఇచ్చినప్పటి కంటే త్వరగా కోలుకుంటారా' అన్న రూపం వస్తుంది. ఈ విభజననే పికో అంటారు. లైబ్రేరియన్ మీకు వేసే మొదటి ప్రశ్నలన్నీ ఈ నాలుగింటి చుట్టూనే తిరుగుతాయి. విసుగు చెందకుండా జవాబు చెప్పండి, ఎందుకంటే ఇక్కడ మసకగా ఉన్నది తరువాత ఎక్కడా స్పష్టం కాదు.

తరువాతది పదాల సేకరణ; శోధనలో ఎక్కువ సమయం పట్టవలసింది దీనికే. ఒకే తేలును పాత వ్యాసాలు బూథస్ ట్యామ్యులస్ అనీ, తరువాతివి మెసోబూథస్ ట్యామ్యులస్ అనీ, ఇటీవలివి హోటెన్‌టోటా ట్యామ్యులస్ అనీ పిలుస్తాయి. ఒక్క పేరుతో వెతికితే మిగిలిన కాలాల పరిశోధన కంటికి కనబడదు. కాటును కొందరు స్టింగ్ అని, కొందరు ఎన్వెనమింగ్ అని, మరికొందరు ఎన్వెనమేషన్ అని రాస్తారు. పీడియాట్రిక్, ఎడీమా వంటి మాటలకు బ్రిటిష్, అమెరికన్ అక్షరక్రమాలు వేరు కాబట్టి రెండింటినీ చేర్చాలి. ఈ వైవిధ్యాన్ని అదుపు చేయడానికే అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం 1960లో మెష్ అనే శీర్షికల వ్యవస్థను తెచ్చింది. రచయిత ఏ మాట వాడినా వ్యాసం ఒకే శీర్షిక కిందికి చేరుతుంది. మెష్ డేటాబేస్‌లో మీ అంశానికి తగిన శీర్షికను చూసి, దాని పైన, కింద ఉన్న శీర్షికలను కూడా గమనించండి. చాలా శీర్షికల పుటల్లో అవి ఏ సంవత్సరం చేరాయో రాసి ఉంటుంది. అంతకు ముందటి వ్యాసాలు వేరే శీర్షిక కింద ఉండవచ్చు. అయితే మెష్ ఒక్కటే చాలదు. పబ్‌మెడ్‌లోని వ్యాసాలన్నింటికీ ఆ శీర్షికలు ఉండవు కాబట్టి, ప్రతి భావనకూ మెష్ శీర్షికను, వ్యాసం పేరులోనూ సారాంశంలోనూ వెతికే మామూలు మాటలను కలిపి వాడాలి.

ఒక భావనకు చెందిన పర్యాయపదాలన్నింటినీ 'ఆర్' (OR)తో కలిపి ఒక బ్రాకెట్లో ఉంచి, వేర్వేరు భావనల బ్రాకెట్లను 'యాండ్' (AND)తో జోడించాలి. ఈ రెండు మాటలనూ పెద్ద అక్షరాలలో టైపు చేయడం అలవాటు చేసుకోండి. 'నాట్' (NOT) జోలికి పోకపోవడమే మేలు, పనికివచ్చే వ్యాసాలను కూడా అది తీసివేస్తుంది. ఫలితాలు వచ్చాక అడ్వాన్స్‌డ్ పేజీలోని హిస్టరీని తెరిచి, మీరు టైపు చేసినదాన్ని పబ్‌మెడ్ ఎలా అర్థం చేసుకున్నదో వివరాలలో చదవండి. మాటలను కొటేషన్ గుర్తుల మధ్య పెడితే, పబ్‌మెడ్ తానుగా మెష్ శీర్షికలను జోడించే సౌకర్యం ఆగిపోతుందని గుర్తుంచుకోవాలి.

ఫలితాలను కుదించే ఫిల్టర్ల విషయంలో తొందర వద్దు. మహారాష్ట్రలోని మహాడ్‌లో పనిచేస్తూ తేలు కాటుకు ప్రాజోసిన్ వాడకాన్ని ప్రపంచానికి తెలిపిన డాక్టర్ హిమ్మత్‌రావు బావస్కర్ 1986లో ఆ సంగతిని లాన్సెట్ పత్రికకు ఒక లేఖగా రాశారు. మొదటి అడుగులోనే రాండమైజ్డ్ ట్రయల్స్ (రోగులను యాదృచ్ఛికంగా గుంపులుగా విడదీసి చేసే పరీక్షలు) అన్న గడిని ఎంచుకున్నవారికి ఆ లేఖ కనబడదు. సీరంతో కలిపి ప్రాజోసిన్ ఇచ్చినవారు త్వరగా కోలుకున్నారని చూపిన 2011 నాటి బీఎంజే పత్రికలోని ట్రయల్ మాత్రం దొరుకుతుంది గాని, ఆ ఆలోచన ఎక్కడ మొదలైందో తెలియదు. పైగా ఆ ట్రయల్ చూశాక మన ప్రశ్నకు కొంత జవాబు ఇప్పటికే ఉందని అర్థమై, ఆలస్యంగా ఆసుపత్రికి చేరిన పిల్లలకో మరెవరికో దాన్ని కుదించుకోవలసి వస్తుంది. ఉచితంగా దొరికే వ్యాసాలకే పరిమితం చేసే ఫిల్టరును అసలు వాడకండి. వ్యాసం ఖరీదుకూ దానిలోని సత్యానికీ సంబంధం లేదు. దాన్ని తెప్పించడం లైబ్రరీ పని.

పబ్‌మెడ్‌తో ఆగకుండా, చికిత్సల మీది పరిశోధనల సమీక్షలు ఉండే కోక్రేన్ లైబ్రరీని, చికిత్సల పరీక్షలను నమోదు చేసే, 2007లో మొదలైన మన దేశపు క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీని కూడా చూడాలి. మీ ప్రశ్న మీదే ఇంకొక కళాశాలలో పని నడుస్తున్నదేమో రిజిస్ట్రీలో తెలుస్తుంది. గూగుల్ స్కాలర్ ఉపయోగపడుతుంది గాని, అదే శోధనను మరొకరు చేసినప్పుడు అవే ఫలితాలు వస్తాయన్న హామీ లేదు కాబట్టి దాన్ని అదనపు ఆధారంగానే ఉంచుకోవాలి.

పూర్తి పాఠం కోసం, ప్రభుత్వ కళాశాలల వారు 2025 జనవరి 1న మొదలైన వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ పథకాన్ని లైబ్రేరియన్ ద్వారా వాడుకోవచ్చు. 30 ప్రచురణ సంస్థలకు చెందిన దాదాపు 13,000 పత్రికలు అందులో ఉన్నాయి. మొదటి దశలో ప్రైవేటు కళాశాలలకు ఆ అవకాశం లేదు. వారు పబ్‌మెడ్ సెంట్రల్‌లో వెతికి, దొరకనివాటి కోసం లైబ్రరీల మధ్య జరిగే వ్యాస మార్పిడిని అడగాలి, లేదా రచయితకు మర్యాదగా ఈమెయిల్ రాయాలి.

చాట్‌బాట్ ఇచ్చిన రిఫరెన్సులను సరిచూడకుండా థీసిస్‌లో చేర్చకూడదు. అసలు లేని వ్యాసాలను, నిజమైన పత్రిక పేరుతో, నమ్మదగిన సంపుటి సంఖ్యతో అవి పుట్టించగలవు. ప్రతి రిఫరెన్సుకూ పబ్‌మెడ్ సంఖ్యనో డీఓఐనో (వ్యాసానికి ఇచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్య) తెరిచి, పేరు, రచయితలు, సంవత్సరం సరిపోయాయని కంటితో చూడండి. రిఫరెన్సులను దాచే జొటెరో వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో మొదటి రోజు నుంచే భద్రపరచుకుంటే, చివర్లో రిఫరెన్సులకు అంకెలు వేసే వాంకూవర్ పద్ధతిలో జాబితా దానంతట అదే తయారవుతుంది.

వెతికిన తేదీ, డేటాబేస్ పేరు, వాడిన శోధన వాక్యం మొత్తం, వచ్చిన ఫలితాల సంఖ్య, ఈ నాలుగింటినీ ఎప్పటికప్పుడు రాసి ఉంచుకోవాలి. సినాప్సిస్‌కూ థీసిస్ సమర్పణకూ మధ్య చాలా కాలం గడుస్తుంది గనుక, పబ్‌మెడ్‌తో కలిసి పనిచేసే మై ఎన్‌సీబీఐ ఖాతాలో ఆ శోధన వాక్యాన్ని దాచి, కొత్త వ్యాసాలు వచ్చినప్పుడల్లా ఈమెయిల్ అందేలా పెట్టుకోండి. సమర్పణకు ఒక నెల ముందు అదే వాక్యంతో మళ్లీ వెతికి, చివరిసారి వెతికిన తేదీని థీసిస్‌లో పేర్కొనండి.