స్టాగ్‌విల్‌కి పిల్లల్ని తీసుకెళ్తున్నారా? ముందు ఇటుకల దగ్గరికి వెళ్లండి

నార్త్ కరోలినాలో మోరిస్‌విల్, క్యారీ వైపు మన తెలుగువాళ్లు ఇంతమంది ఉన్నాం కదా, స్టాగ్‌విల్ చూశామని చెప్పినవాళ్లు మాత్రం నాకు తక్కువే తగిలారు. డర్హమ్ ఊరు దాటి కారులో కాస్త ఉత్తరానికి వెళ్తే చాలు. 1860 నాటికి బెన్నెహాన్, కామెరాన్ కుటుంబాలకి అక్కడ దాదాపు 30,000 ఎకరాలుండేవి. ఆ భూముల్లో సుమారు 900 మందిని బానిసత్వంలో ఉంచారు. ఇప్పుడది రాష్ట్ర ప్రభుత్వం చూసుకునే చారిత్రక స్థలం. జూన్‌టీన్త్ (బానిసత్వం ముగిసినందుకు జూన్ 19న జరుపుకునే రోజు) లాంటి రోజుల్లో పొయ్యి మీద వంట, కమ్మరం, ఆనాటి పనులు చేసి చూపిస్తూ ఆ మనుషుల కథ చెప్తారు. ఏ రోజు ఏముందో ముందే వాళ్ల సైట్‌లో చూసుకోండి.

వెళ్లే ముందు పిల్లలకి మాట ఒకటి సరిచేయండి. "బానిసలు ఉండేవాళ్లు" అనొద్దు, "మనుషుల్ని బానిసలుగా ఉంచారు" అనమనండి. మా చిన్నది వెంటనే "ఎవరు ఉంచారు?" అని అడిగింది. నేను కోరుకున్న ప్రశ్న అదే.

పెద్దవాళ్లు ముందు రోజు రాత్రి ఒక అరగంట కూర్చుని చదువుకోండి. 1930ల చివర్లో ప్రభుత్వం బానిసత్వం చూసిన ముసలివాళ్లని వెతికి వాళ్ల మాటలు రాయించింది. స్టాగ్‌విల్‌లో పుట్టిన డాక్ ఎడ్వర్డ్స్, అబ్నర్ జోర్డాన్ మాటలు అందులో ఉన్నాయి, లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. రాసుకున్నవాళ్లు చాలావరకు తెల్లవాళ్లు. వాళ్ల ముందు ఎంతవరకు చెప్పగలిగి ఉంటారో అన్నది మనసులో పెట్టుకుని చదవండి.

మొదటిసారి మేం యజమాని ఇంటితో మొదలుపెట్టాం. కుర్చీలు, అద్దాలు చూసేసరికే ఎండ ముదిరింది, పిల్లలు అలిసిపోయారు. అందుకే ముందు హార్టన్ గ్రోవ్‌కి వెళ్లమంటాను. యజమాని ఇంటికి కాస్త దూరం, కారు తీయాల్సిందే. 1850 ప్రాంతంలో కట్టిన రెండంతస్తుల ఇళ్లు నాలుగు ఉన్నాయక్కడ. ఇంటికి నాలుగు గదులు, గదికో కుటుంబం. ఒక గది ఈ గోడ నుంచి ఆ గోడకి ఎన్ని అడుగులో పిల్లల్ని నడిచి లెక్కపెట్టమనండి. ఆ లెక్క ఫోన్‌లో రాసుకోండి.

తర్వాత పొగగొట్టం ఇటుకల దగ్గర ఆగండి. కొన్నిటి మీద వేలిముద్రలు కనిపిస్తాయి. మా నాన్న తాపీ మేస్త్రీ. చిన్నప్పుడు బట్టీ దగ్గర ఆరబెట్టిన పచ్చి ఇటుక ఎత్తబోతే తిట్టేవాడు, ఆరకముందు పట్టుకుంటే వేళ్లు దిగిపోతాయని. ఇక్కడ చూసింది సరిగ్గా అదే: మట్టి ఇంకా తడిగా ఉండగా ఎవరో ఎత్తారు, ఆ వేళ్ల గుంటలు అలాగే కాలి గట్టిపడ్డాయి. ముట్టుకోవద్దు, పక్కనే గాల్లో చెయ్యి పెట్టి చూడమనండి. మా అబ్బాయి చేసిన మొదటి పని అదే, చాలాసేపు చెయ్యి దించలేదు.

అక్కడి నుంచి పెద్ద కొట్టానికి వెళ్లండి. 1860లో బానిసత్వంలో ఉన్న వడ్రంగులే కట్టారు. లోపలికి వెళ్లనిస్తే తలెత్తి దూలాల అతుకులు చూడండి.

చేసి చూపించేవాళ్లతో ఎలా మాట్లాడాలన్నది అన్నిటికంటే ముఖ్యం. వాళ్లు నటులు కారు, పని తెలిసినవాళ్లు. ముందు పని గురించి అడగండి: ఈ నిప్పు ఎంతసేపు ఉండాలి, ఇది ఎవరి దగ్గర నేర్చుకున్నారు? ఫోటోకి అనుమతి అడగండి. పిల్లల చేత పత్తి ఏరుతున్నట్టు, సంకెళ్లు వేసుకున్నట్టు ఫోజులు పెట్టించకండి. నేను మొదటిసారి "ఆ యజమాని మంచివాడేనా?" అని అడిగాను. ఇప్పుడైతే అడగను. 1844లో యజమాని కుటుంబానికి చెందిన పాల్ కామెరాన్ 114 మందిని ఇక్కడి నుంచి అలబామాలోని తన కొత్త తోటకి పంపించాడు. ఎవరి అమ్మ ఇక్కడ మిగిలింది, ఎవరు నడిచి వెళ్లారు అన్నది అడగాల్సిన ప్రశ్న.

కుండలో అలసందలు కనిపిస్తే పిల్లలకి చూపించండి. జొన్న, అలసంద ఆఫ్రికాలో పుట్టిన పంటలు, మన పొలాలకీ అక్కడి నుంచే వచ్చాయి. జూన్‌టీన్త్‌కి ఎర్రటి పానీయం తాగడం ఆచారం. హైబిస్కస్ పేరుతో ఇచ్చేది దొరికితే తాగండి. ఎర్ర గోంగూర కాయ చుట్టూ ఉండే తొడుగుతోనే చేస్తారు దాన్ని, పులుపు నోట్లో పడగానే గుర్తుపడతారు.

నీళ్లు, టోపీలు, నిండు ప్యాంట్లు మర్చిపోకండి, అక్కడ నీడ తక్కువ. ఇంటికొచ్చాక పిల్లల మడమల వెనక, మోకాళ్ల కింద పిడుదులు ఉన్నాయేమో చూడండి. స్నానాలయ్యాక ఫోన్‌లో రాసుకున్న అడుగుల లెక్కతో మీ హాల్లో నడవమనండి. మా అబ్బాయి సోఫా దగ్గర ఆగిపోయి, నేల మీద చాప పరిచి, నలుగురం ఎలా పడుకుంటామో చూద్దాం రమ్మన్నాడు.