ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఎప్పుడూ ఆ జట్లేనా? లోపం ఎక్కడుందో చూద్దాం

ముందుగా "డబ్బున్నవాడిదే కప్పు" అన్న అనుమానం పక్కన పెట్టండి. ఐపీఎల్ వేలంలో అందరికీ ఒకే పర్సు ఉన్నట్టే, అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్‌లోనూ 32 జట్లకూ ఒకే శాలరీ క్యాప్, అంటే ఆటగాళ్ల జీతాలకు గరిష్ఠ పరిమితి. 1994లో మొదలైంది. 2024లో అది 25.54 కోట్ల డాలర్లు. జాతీయ టీవీ ఒప్పందాల డబ్బూ సమానంగానే పంచుకుంటారు. ఎంతో ఆస్తి ఉన్న డల్లాస్ కౌబాయ్స్ 1995 సీజన్ తర్వాత కాన్ఫరెన్స్ ఫైనల్ (మన సెమీఫైనల్ లాంటిది) గడప తొక్కిందే లేదు. డల్లాస్ పక్కనే ఫ్రిస్కోలో ఉన్న మన తెలుగువాళ్లను కదిపితే ఆ బాధ గంటసేపు చెబుతారు.

లక్షణం: ఒకే జట్టు ఏళ్ల తరబడి గెలుస్తోంది

పేట్రియాట్స్ 2009 నుంచి 2019 దాకా వరసగా 11 సార్లు తన డివిజన్ (లీగ్‌లోని చిన్న గ్రూపు) గెలిచింది. చీఫ్స్ 2016 నుంచి 2024 దాకా 9 సార్లు.

కారణం: క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసురుతూ జట్టు దాడిని నడిపించే ఆటగాడు. జీతాలకు పరిమితి పెట్టొచ్చు గానీ అదృష్టానికి, కోచింగ్‌కి పెట్టలేం. క్వార్టర్‌బ్యాక్ టామ్ బ్రేడీని పేట్రియాట్స్ 2000 డ్రాఫ్ట్‌లో (కాలేజీ కుర్రాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమం) 199వ ఆటగాడిగా తీసుకుంది. అప్పటిదాకా ఏ జట్టూ అతన్ని ఎంచుకోలేదు. 2017లో చీఫ్స్ 27వ స్థానం నుంచి 10కి ఎగబాకి క్వార్టర్‌బ్యాక్ మహోమ్స్‌ను పట్టుకుంది. ఆ 10వ స్థానం అమ్మింది బఫెలో బిల్స్! ఆ తర్వాత 2024 సీజన్ దాకా ప్లేఆఫ్స్‌లో (నాకౌట్ మ్యాచ్‌లు) అదే మహోమ్స్ చేతిలో బఫెలో నాలుగుసార్లు ఓడింది.

పరిష్కారం: రూల్ పెట్టి సరిచేయలేం, నన్నడిగితే చేయకూడదు కూడా. ఆ క్వార్టర్‌బ్యాక్ వెళ్లిపోతే ఆధిపత్యం దానంతటదే పోతుంది. బ్రేడీ వెళ్లాక 2023, 2024 రెండేళ్లూ పేట్రియాట్స్ గెలిచింది నాలుగేసి మ్యాచ్‌లే.

లక్షణం: ఒక జట్టు ఎప్పుడూ అడుగునే

చివర్న నిలిచిన జట్టుకే డ్రాఫ్ట్‌లో ముందు అవకాశం అన్నది 1936 నుంచి ఉన్న మందు. మరి ఎందుకు పనిచేయట్లేదంటే, ఆ మందునే అమ్ముకుంటారు కాబట్టి. 2017లో 16కి 16 ఓడిన బ్రౌన్స్, 2022లో క్వార్టర్‌బ్యాక్ డెషాన్ వాట్సన్ కోసం మూడేళ్ల ఫస్ట్ రౌండ్ పిక్‌లు (డ్రాఫ్ట్ మొదటి రౌండ్‌లో ఆటగాణ్ని ఎంచుకునే హక్కులు) ఇచ్చి, పైగా అతనికి 23 కోట్ల డాలర్లు గ్యారంటీ ఇచ్చింది. పాంథర్స్ కథ ఇంకా ఘోరం. 2023లో క్వార్టర్‌బ్యాక్ బ్రైస్ యంగ్ కోసం మరుసటి ఏడాది ఫస్ట్ రౌండ్ పిక్‌ను బేర్స్‌కి రాసిచ్చింది. ఆ సీజన్‌లో రెండే గెలిచి అట్టడుగున నిలిచింది. అలా 2024 మొదటి పిక్ కాస్తా బేర్స్ ఒళ్లో పడింది.

పరిష్కారం: పిక్‌లు దాచుకోవడం, ఓనర్ కాస్త ఓపిక పట్టడం. లయన్స్‌ను చూడండి. 2021లో తన క్వార్టర్‌బ్యాక్ స్టాఫర్డ్‌ను రామ్స్‌కి ఇచ్చి రెండు ఫస్ట్ రౌండ్ పిక్‌లు తెచ్చుకుంది. ఆ ఏడాది గెలిచింది మూడే. మరుసటి ఏడాది మొదటి ఏడులో ఆరు ఓడినా కోచ్ డాన్ క్యాంప్‌బెల్‌ను తీసేయలేదు. 2024లో 15 గెలిచింది.

లక్షణం: పెద్ద కాంట్రాక్టు తర్వాత చేతులు కట్టేసినట్టవుతోంది

కారణం: ఆటగాడు వెళ్లిపోయినా అతని డబ్బు క్యాప్‌లోనే ఉంటుంది. క్వార్టర్‌బ్యాక్ రస్సెల్ విల్సన్‌ను వదిలించుకున్నందుకు డెన్వర్ జట్టు క్యాప్ లెక్కలో రెండేళ్లలో 8.5 కోట్ల డాలర్లు పడ్డాయి.

పరిష్కారం: కొత్త కుర్రాడు. 2011 నుంచి రూకీల (డ్రాఫ్ట్‌లో వచ్చిన కొత్త ఆటగాళ్ల) జీతాలకు స్థిరమైన స్కేల్ ఉంది కాబట్టి, మంచి క్వార్టర్‌బ్యాక్ దొరికితే నాలుగేళ్లు చవగ్గా ఆడతాడు, మిగతా డబ్బుతో జట్టు కట్టుకోవచ్చు. అలాంటి కొత్త క్వార్టర్‌బ్యాక్ బో నిక్స్‌తో డెన్వర్ 2024లోనే ప్లేఆఫ్స్‌కి చేరింది.

లక్షణం: "షెడ్యూలే గెలిచే జట్లకి అనుకూలం"

కాదు. ఒక్కో జట్టు ఆడే 17 మ్యాచ్‌లలో 14, ఒకే డివిజన్‌లోని జట్లన్నిటికీ ఒకే లెక్కన వస్తాయి. మిగిలిన మూడింట్లో, నిరుడు పైన నిలిచినవాళ్లకు పైన నిలిచినవాళ్లే ఎదురొస్తారు.