వానలు మొదలయ్యేలోపే: శరీరంలో కరిగే పోగులు తయారుచేసేవారికి జాగ్రత్తలు

లోపలే కరిగిపోయే కుట్టు దారాలకు వాడే పాలీగ్లైకాలిక్ యాసిడ్, పాలీలాక్టిక్ యాసిడ్ అనే పాలిమర్ల పొడవాటి అణు గొలుసులు నీరు తగిలితే విడిపోతాయి. రోగి శరీరంలో మెల్లగా జరగాల్సిన ఆ పని, వానాకాలంలో మన యంత్రాల దగ్గరే మొదలైపోతుంది. అందుకే తేమ పెరగకముందే సిద్ధం కావాలి.

చల్లటి నిల్వలోంచి తీసిన పెల్లెట్ల (ముడిసరుకు గుళికల) సంచిని వెంటనే కత్తిరించకండి. సీలు ఉండగానే గది వేడికి రానివ్వండి. లేకపోతే గాలిలోని తేమ గుళికల మీద నీరై పడుతుంది. మిగిలిన సరుకును నైట్రోజన్ నింపి, అల్యూమినియం పొర ఉన్న సంచిలో మళ్లీ సీల్ చేయాలి.

ఇక ఆరబెట్టడం. పాలీలాక్టిక్ యాసిడ్‌ను కరిగించి పోగు తీయాలంటే అందులో తేమ 50 పీపీఎం (పది లక్షల భాగాల్లో 50) లోపు ఉండాలని పెట్టుకోండి. స్ఫటికాలు ఏర్పడని రకం అయితే 60 డిగ్రీల దగ్గర మెత్తబడి ముద్ద కడుతుంది. దాన్ని అంతకన్నా తక్కువ వేడిలో, వాక్యూమ్‌లో, ఎక్కువసేపు ఆరబెట్టాలి. డ్రయ్యర్‌లో తేమ పీల్చే పదార్థాన్ని వానలకు ముందే మార్చేయండి. చాలాచోట్ల డ్రయ్యర్‌ను బాగా చూసుకుంటారు గానీ హాపర్‌ను, అంటే గుళికలను యంత్రంలోకి పంపే తొట్టిని, వదిలేస్తారు. ఆరిన గుళికలు మూతలేని హాపర్‌లో కాసేపుంటే చాలు, పడిన శ్రమంతా వృథా. హాపర్‌లోకి కూడా పొడి నైట్రోజన్ పంపండి.

తడి గుళికలు 200 డిగ్రీలు దాటిన వేడిలో కరిగితే పాలిమర్ గొలుసులు తెగుతాయి. అయినా పోగు నున్నగానే కనిపిస్తుంది, ఆ రోజు బలపరీక్షలో నెగ్గినా నెగ్గవచ్చు. గాయం మానకముందే దారం బలం కోల్పోతే మాత్రం కుట్టు విడిపోతుంది. కాబట్టి ప్రతి బ్యాచ్‌లో గుళికల స్నిగ్ధతనూ (చిక్కదనం; గొలుసులు తెగితే తగ్గుతుంది), తీసిన పోగు స్నిగ్ధతనూ కొలిచి పోల్చండి. అనుమతించిన హద్దు దాటి పడిపోతే ఆ బ్యాచ్‌ను పక్కన పెట్టాల్సిందే. డెలివరీ టెన్షన్ ఎంతున్నా ఇందులో సర్దుబాటు వద్దు.

ఎలక్ట్రోస్పిన్నింగ్ (విద్యుత్ బలంతో ద్రావణం నుంచి సన్నని పోగులు లాగడం) చేసేవారికి ఇంకో చిక్కుంది. తేమ ఎక్కువైతే పోగు మీద సన్నని రంధ్రాలు పడతాయి. గదిలో తేమను అదుపులో పెట్టి, ప్రతిసారీ రాసుకోండి. ద్రావకం మిగిలిపోకుండా చూడటం కూడా ముఖ్యమే: మందులకు పాటించే ఐసీహెచ్ (మందుల ప్రమాణాలు రూపొందించే అంతర్జాతీయ సంస్థ) పరిమితి క్లోరోఫామ్‌కు 60 పీపీఎం, డైక్లోరోమీథేన్‌కు 600 పీపీఎం.

చివరగా స్టెరిలైజేషన్. ఆటోక్లేవ్ ఆవిరి వద్దు. గామా కిరణాలూ గొలుసులను తెంపుతాయి. ఇథిలీన్ ఆక్సైడ్ వాడితే ఆ ప్రక్రియలోనూ తేమ ఉంటుంది, వాయువు కొంత మిగులుతుంది కూడా. రెండూ పోయేదాకా వాక్యూమ్‌లో ఉంచి, ఆ తర్వాతే ఫాయిల్ సంచిలో సీల్ చేసి, లీక్ టెస్ట్ చేయండి.