సైన్స్ ఫెయిర్‌కు సరైన కొలతలతో డీఎన్ఏ మోడల్ చేయడం ఎలా?

స్కూలు సైన్స్ ఫెయిర్లలో కనిపించే డీఎన్ఏ మోడళ్లు చాలావరకు మెలితిప్పిన నిచ్చెనలే. మెట్టుకూ మెట్టుకూ మధ్య బోలెడు ఖాళీ. అసలు డీఎన్ఏలో ఆ ఖాళీయే ఉండదు. దానిలో ఒక్కో మెట్టూ రెండు క్షారాల జత. ఒక జతపై ఒకటి ఆనుకుని పేర్చినట్టు ఉండటమే దాని స్థిరత్వానికి పెద్ద అండ. జతలోని రెండు క్షారాలను కలిపే హైడ్రోజన్ బంధాలది ఆ తర్వాతి మాట.

డీఎన్ఏ వెడల్పు 2 నానోమీటర్లు, జతకూ జతకూ దూరం 0.34. అంటే దాదాపు ఆరు రెట్లు. అందుకే హన్మకొండ చౌరస్తాకు వెళ్లినప్పుడు అంగుళం మందం థర్మోకోల్ తెచ్చుకోండి. మోడల్ వెడల్పు ఆరు అంగుళాలు అనుకుంటే లెక్క సరిపోతుంది.

రెండంగుళాల వెడల్పు పట్టీలు కోయండి. నాలుగు క్షారాల్లో అడినైన్, గ్వానైన్‌లకు రెండేసి వలయాలు కాబట్టి మూడంగుళాల ముక్కలు. థైమిన్, సైటోసిన్‌లకు ఒక్కటే వలయం, రెండంగుళాలు చాలు. మిగిలిన అంగుళం రెండు కొసల్లో వెన్నెముకకు, అంటే నిచ్చెన పక్క కర్రల్లాంటి పోగులకు.

అడినైన్‌ను థైమిన్‌తో రెండు టూత్‌పిక్‌లతో, గ్వానైన్‌ను సైటోసిన్‌తో మూడింటితో కలపండి. ఫెవికాల్ మాత్రం పూయొద్దు. హైడ్రోజన్ బంధం బలహీనమైంది, లాగితే ఊడిరావాలి.

ఇప్పుడు సన్నని ఇనుప చువ్వకు జతల్ని మధ్యలో గుచ్చి, సందు లేకుండా పేర్చండి. పైనుంచి చూస్తే ప్రతి జతా కింది దానికంటే 36 డిగ్రీలు ఎడమకు, గడియారం ముల్లుకు ఎదురుగా తిరగాలి. కుడివైపు తిప్పితే మామూలు డీఎన్ఏకు అద్దంలో బొమ్మ తయారవుతుంది! పది జతలకు ఒక చుట్టు పూర్తవుతుంది (నిజానికి పదిన్నర). చువ్వ కేవలం మన ఆధారం కోసమేనని పక్కన చీటీ అంటించండి.

రెండు వెన్నెముకలకు రాగి తీగ వాడండి. దాన్ని పట్టీ కొసల నడిమధ్యన కాకుండా, రెండూ ఒకే అంచువైపు మూలల్లో కట్టండి. అప్పుడే ఒక గాడి వెడల్పుగా, ఒకటి ఇరుకుగా వస్తుంది. రెండు పోగులూ ఎదురెదురు దిశల్లో సాగుతాయి కాబట్టి ఒక తీగకు పైకి, రెండోదానికి కిందికి బాణం గుర్తు పెట్టండి. తీగపై ఎర్ర పూసలు ఫాస్ఫేట్లు. వాటి రుణావేశాలు ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి కాబట్టి, ఆ వికర్షణను తగ్గించే సోడియం, మెగ్నీషియం అయాన్లుగా పక్కన నీలి పూసలు అంటించండి.

రామగుండం ఎండకు డీఎన్ఏ విడిపోతుందా అని ఎవరైనా అడగొచ్చు. విడిపోదు. డీఎన్ఏ కాపీలు తీసే పీసీఆర్ పద్ధతిలో పోగుల్ని విడదీయడానికి 95 డిగ్రీల దాకా వేడిచేస్తారు. పై జత టూత్‌పిక్‌లు లాగేసి చూపించండి: జత విడిపోతుంది, రాగి తీగ తెగదు. ఎందుకంటే వెన్నెముకలోవి బలమైన సమయోజనీయ బంధాలు.