పాలియోకు వెళ్లే ముందు: సియెనాలో కొత్తగా దిగినవారికి

ఇటలీలోని సియెనాలో నా తొలి వేసవిలో ఇంటికి ఫోను చేసి "రేపు పాలియో ఉందమ్మా, పెందలాడే వెళ్లాలి" అన్నాను. "ఈ వయసులో నీకు పోలియో చుక్కలేమిటి?" అని అమ్మ కంగారుపడింది. మీ ఇంట్లోనూ ఇదే జరగవచ్చు కనుక ముందే చెప్పి ఉంచండి: పాలియో అంటే గుర్రప్పందెం. ఏటా జులై 2న, ఆగస్టు 16న, ఊరి నడిబొడ్డున ఉన్న పియాత్సా దెల్ కాంపోలో జరుగుతుంది.

ఈ ఊళ్లో 17 పేటలున్నాయి. వాటిని కొంత్రాదలంటారు. పందెంలో పదింటికే చోటు: నిరుడు అదే తేదీన పరుగెత్తని ఏడు, చీటీలో పేరొచ్చిన మరో మూడు. ఏ పేటకు ఏ గుర్రమన్నదీ చీటీయే తేలుస్తుంది. మైదానం చుట్టూ మట్టి పరిచిన బాటలో, జీను లేని గుర్రాల మీద మూడు చుట్లు. సుమారు నిమిషంన్నరలో అంతా అయిపోతుంది. రౌతు మధ్యలో పడిపోయినా గుర్రం ఒంటరిగా ముందు చేరితే గెలుపు ఆ పేటదే.

నా మాట వింటే ముందుగా అసలు పందేనికి వెళ్లకండి, ప్రోవాకు వెళ్లండి. ప్రోవా అంటే తర్ఫీదు పరుగు. జూన్ 29 సాయంత్రం నుంచి జులై 2 ఉదయం దాకా ఆరు, ఆగస్టులో 13 నుంచి 16 ఉదయం దాకా ఆరు ఉంటాయి. ఒక్కో పేటవాళ్లు గుర్రం వెంట పాడుకుంటూ మైదానంలోకి వస్తారు. పందెం నాటితో పోలిస్తే రద్దీ తక్కువ. ఎక్కడ నిలబడితే ఏమి కనిపిస్తుందో అప్పుడే చూసి పెట్టుకోవచ్చు. సాన్ మార్తీనో మలుపు దగ్గర గోడలకు పరుపులు కట్టి ఉంటాయి. ఎందుకో ఒక్క ప్రోవా చూస్తే తెలిసిపోతుంది.

ఇక అసలు రోజు. అరుగులకు, బాల్కనీలకు టికెట్టు కొనాలి, ధర విద్యార్థి జేబుకు అందేది కాదు. మైదానం మధ్యలో నిలబడటం ఉచితం. కంచె పక్కన చోటు కావాలంటే మధ్యాహ్నమే చేరాలి. పడమటి వైపైతే భవనాల నీడ ముందుగా వస్తుంది. ద్వారాలు ఒక్కొక్కటే మూసేస్తారు, చివరిదాకా తెరిచి ఉండేది వయా దుప్రే వైపుది. మూశాక పందెం ముగిసేవరకు బయటికి రావడం కుదరదు. లోపల మరుగుదొడ్లు లేవు. ఎండకు భయపడి నేను మొదటిసారి రెండు లీటర్ల నీళ్లు తాగి వెళ్లాను. చారిత్రక వేషాల ఊరేగింపు రెండు గంటల పాటు సాగుతుంటే నా కళ్లు మాత్రం గడియారం మీదే. వేళ తెలుసుకుని, కొద్దికొద్దిగా తాగండి. టోపీ పెట్టుకోండి, గొడుగు వద్దు. నేను విప్పిన నిమిషంలోనే వెనకనున్న పెద్దావిడ భుజం తట్టి మూయించింది.

బయలుదేరే ముందు పేటల వరుస చదువుతారు. అంతవరకు హోరెత్తిన మైదానం ఒక్కసారిగా నిశ్శబ్దమైపోతుంది. అప్పుడు ఫోనులో మాట్లాడితే చుట్టూ ఉన్నవాళ్ల చూపులే మిమ్మల్ని మింగేస్తాయి. తొమ్మిది గుర్రాలు తాళ్ల మధ్య నిలబడితే, పదోది వెనక నుంచి పరుగున వచ్చినప్పుడే పందెం మొదలు. ఆ పదో రౌతు ఎప్పుడు కదులుతాడో అతని ఇష్టం. రౌతుల మధ్య బేరాలు అందరి కళ్లెదుటే నడుస్తుంటాయి. ఒక్కోసారి గంట దాటినా కదలదు. చీకటి పడితే, వాన పడితే మర్నాటికి వాయిదా. కాబట్టి ఆ రాత్రి తిరుగు రైలును నమ్ముకోకండి.

రంగు బాగుందని దుకాణంలో ఏదో ఒక పేట రుమాలు కొని మెడకు చుట్టుకోవద్దు. ఓకా పేటకూ తోర్రే పేటకూ తరాల నాటి పగ. మీకు అది గుడ్డముక్క, వాళ్లకు ఇంటిపేరు. పందెం ముందు గుర్రాన్ని పేట గుడికి తీసుకెళ్లి ఆశీర్వదిస్తారు. లోపలికి వెళ్లే అవకాశం వస్తే వదులుకోకండి, కాని ఫ్లాష్ వాడవద్దు. గుర్రం గుడిలోనే పేడ వేస్తే నవ్వకండి, వాళ్లకు అది శుభశకునం.

పందెం అయ్యాక జనం కంచెలు దూకి బాట మీదికి ఉరుకుతారు. ఏడ్చేవాళ్లు, కౌగిలించుకునేవాళ్లు, అక్కడక్కడా కలబడేవాళ్లు. పది నిమిషాలు ఉన్నచోటే ఉండి, ఒత్తిడి తగ్గాక కదలండి.

తర్వాత కొన్ని రోజులు గెలిచిన పేట డప్పులతో వీధులన్నీ తిరుగుతుంది. పరీక్షలుంటే చెవులకు దూది కొనుక్కోండి. నోట్లో పసిపిల్లల పాలపీక పెట్టుకుని వీధిలో గంతులేస్తున్న అరవై ఏళ్ల పెద్దమనిషి ఎదురైతే కంగారుపడకండి. ఆయన పేట గెలిచింది, మళ్లీ పుట్టినంత సంబరంలో ఉన్నాడు.