కథ అయ్యాక పిల్లలు నోరు విప్పకపోతే

"కథ ఎలా ఉంది?" అంటే తరగతంతా "బాగుంది" అని ఊరుకుంటుంది. తప్పు పిల్లలది కాదు, ప్రశ్నది.

ముందు పుస్తకం ఎంపిక. ఏదో ఒక పేజీ చదివించి, తెలియని మాటకో వేలు ముడవమనండి. ఐదు వేళ్లూ ముడుచుకుంటే ఆ పుస్తకం సొంతంగా చదవడానికి కష్టం. అలాగని పక్కన పెట్టకండి, మీరు చదివి వినిపించడానికి అదే మంచిది.

చర్చను చివరిదాకా దాచొద్దు. పాత్ర ఏదో నిర్ణయం తీసుకోబోయే రెండు మూడు చోట్ల ముందే కాగితం ముక్క పెట్టుకుని, అక్కడ ఆపండి. "ఇప్పుడేం చేస్తాడు? ఏ మాట, ఏ బొమ్మ చూసి అలా అనుకున్నావు?" ఈ రెండో ప్రశ్నే అసలైనది. అడిగాక కనీసం 3 సెకన్లు మౌనంగా ఉండండి. చాలాసార్లు వెంటనే మనమే మాట్లాడేసే తొందరే జవాబును మింగేస్తుంది. అప్పటికీ పలకకపోతే, ముందు పక్కవాళ్లతో నిమిషం మాట్లాడుకోనివ్వండి.