గోలీలన్నీ ఒకసారి చాటలో పోయండి

హన్మకొండలో మెడికల్ షాపు కౌంటర్ వెనక పన్నెండేళ్లుగా నిలబడుతున్నాను. ఎంత గొలుసుకట్టు చీటీ అయినా చదివేస్తాను. మా అవ్వ గోలీల డబ్బా మాత్రం ఏనాడూ తెరిచి చూడలేదు.

అవ్వది పరకాల దిక్కు పల్లె. పోయిన వానకాలం ఆమె కాళ్లు వాచాయి. నాట్లకు పోయి బురదలో నిలబడ్డందుకే అనుకున్నాం. ఊళ్లో ఒకాయన నీరు తీసే గోలీ ఇచ్చాడు. వాపు దిగలేదు గానీ నాలుగో రోజు పొద్దున మంచంలోంచి లేవగానే కళ్లు తిరిగి గోడకు ఒరిగింది.

నేను పోయి డబ్బాను చాటలో బోర్లించాను. ఉపకేంద్రంలో ఇచ్చిన బీపీ గోలీ ఒకటి, ఆమ్లోడిపిన్ 5 ఎంజీ. హన్మకొండ డాక్టర్ రాసిన షీటు ఇంకొకటి. పైన పెద్దక్షరాల్లో కంపెనీ పెట్టిన పేరు, దాని కింద చీమ తలకాయంత అక్షరాల్లో టెల్మిసార్టాన్ 40, ఆమ్లోడిపిన్ 5. టెల్మిసార్టాన్ కూడా బీపీ మందే. అంటే ఆమ్లోడిపిన్ రోజూ రెట్టింపు మింగుతోంది. ఆమ్లోడిపిన్‌తో మడమల దగ్గర వాపు రావడం ఉన్నదే, డోసు పెరిగితే ఇంకా ఎక్కువ. ఆ వాపు నీరు తీసే గోలీకి పెద్దగా లొంగదు, బీపీ మాత్రం ఇంకా కిందికి పోతుంది.

"రంగులు వేరే ఉన్నయి గద బిడ్డా, ఒకటి బీపీది, ఒకటి గుండెది అనుకున్న" అన్నది.

డాక్టర్‌కు ఫోన్ చేసి అడిగాక ఒక ఆమ్లోడిపిన్, నీరు తీసే గోలీ ఆపేశాం. మెల్లగా వాపు దిగింది.

మీ ఇంట్లో కూడా ముందు చేయాల్సింది అదే. ఒక్కొక్కరి గోలీలన్నీ ఒకచోట పోసి, పెద్ద పేరు వదిలేసి కింది చిన్నక్షరాలు చదవండి, కనపడకుంటే ఫోన్‌తో ఫొటో తీసి పెద్దగా చేసుకోండి. రెండు షీట్లలో ఒకే మందు కనిపిస్తే రెండూ పట్టుకొని డాక్టర్ దగ్గరికి పోండి. మా కౌంటర్ అలవాటు మీద నాకే కోపం. నాలుగు గోలీలడిగితే కత్తెర ఎటు పడితే అటు పెడతాం, పేరు ఒక ముక్కలో, గడువు తేదీ ఇంకో ముక్కలో పోతాయి. కత్తిరించక ముందే షీటు ఫొటో తీసుకోండి. ఇంట్లో తేదీ లేని కొస నుంచి గోలీలు తీయండి.

ఒక నోట్‌బుక్కులో మందు పేరు, ఎన్ని ఎంజీ, ఎవరు రాశారు, ఏ తేదీన మొదలైంది రాసుకోండి. ఆ తేదీయే అన్నిటికంటే పనికొస్తుంది. ఒంట్లో కొత్త ఇబ్బంది రాగానే దానికో గోలీ వెతకకుండా ముందు ఆ పేజీ తిప్పండి. బీపీకి రామిప్రిల్, ఎనలాప్రిల్ వాడే కొందరికి పొడి దగ్గు పట్టుకుంటుంది, మొదలుపెట్టిన నెలల తర్వాత కూడా రావచ్చు. సిరప్ సీసాలు ఎన్ని తాగినా పోదు, మందు మార్చాల్సిందే. షుగర్‌కు ఇచ్చే మెట్‌ఫార్మిన్‌తో కడుపు ఉబ్బరం, విరేచనాలు ఉంటాయి, అన్నం తిన్నాక వేసుకుంటే చాలామందికి కొన్నాళ్లలో సర్దుకుంటుంది. కొలెస్ట్రాల్ గోలీ వాడుతుంటే తొడలు, భుజాలు బాగా నొస్తూ మూత్రం డికాక్షన్ రంగులో వస్తే ఆ రోజే దవాఖానకు పోవాలి.

అనుమానం వచ్చింది కదా అని బీపీ, ఫిట్స్, స్టెరాయిడ్ గోలీలు సొంతంగా ఆపొద్దు. ఒక్కసారిగా మానేస్తే అవి తిరగబడతాయి.

షుగర్ గోలీలతో ఇంకో గండం. శనివారం ఒక్కపొద్దు ఉండి గ్లిమిపిరైడ్ మాత్రం మరిచిపోకుండా మింగేవాళ్లు మా గిరాకీల్లోనే ఉన్నారు. తిండి లేకుండా అది పడితే షుగర్ మరీ కిందికి పోతుంది. చెమటలు, వణుకు, మాట తడబడటం మొదలైతే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాలకు మళ్లీ షుగర్ చూడండి. తెలివి తప్పితే నోట్లో ఏమీ పోయొద్దు, 108కు ఫోన్ చేయండి. ఒక్కపొద్దుకు ముందే డోసు సంగతి డాక్టర్‌ను అడగడం అన్నిటికంటే సులువు.

పత్తి ఏరే రోజుల్లో నడుం నొప్పి గోలీలు కూలీ డబ్బులంత తేలిగ్గా చేతులు మారతాయి. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ బీపీని పెంచుతాయి, కడుపులో పుండ్లు చేస్తాయి. టెల్మిసార్టాన్, నీరు తీసే గోలీ వాడే మనిషికి ఇవీ తోడైతే కిడ్నీలు దెబ్బతింటాయి. దొడ్డికి తారులా నల్లగా పోతే ఆగకుండా దవాఖానకు పోండి. చాలా నొప్పి గోలీల్లో పారాసిటమాల్ కలిసే ఉంటుంది, దాని మీద జ్వరం గోలీ వేస్తే లెక్క తప్పుతుంది. పెద్దవాళ్లకైనా 24 గంటల్లో 4 గ్రాములు దాటొద్దు, తాగుడు అలవాటున్నవాళ్లకు ఇంకా తక్కువే.

మందు వేసుకున్నాక పెదవులు, ముఖం ఉబ్బి ఊపిరి ఆడకపోయినా, నోట్లో పుండ్లతో ఒళ్లంతా బొబ్బలు లేచినా వెంటనే 108. పోతూ ఆ షీటు జేబులో వేసుకోండి. ఏ మందుతోనైనా చెడు జరిగితే 1800-180-3024కు మామూలు మనుషులూ చెప్పొచ్చు, పైసా ఖర్చు కాదు.

అవ్వకు చదువు రాదు. అందుకే ఒక్కో మందుకు ఒక్కో కాగితం కవరు చేసి, దాని మీద పొద్దటికి సూర్యుడు, రాత్రికి నెలవంక గీసిచ్చాను. మొన్న ఊరికి పోతే మెట్‌ఫార్మిన్ కవరు నా ముందు పెట్టింది.

"నెలవంక చెరిగిపోయింది, మళ్ల గియ్యి."